మగపిల్లలకు నెలసరి సంగతి ఎలా తెలుస్తుంది?

2025 అక్టోబరులో కర్ణాటక మంత్రివర్గం ఉద్యోగం చేసే ఆడవాళ్ళకి నెలకు ఒకరోజు, అంటే ఏడాదికి 12 రోజులు, జీతంతో కూడిన నెలసరి సెలవు ఇవ్వాలని నిర్ణయించింది. ప్రభుత్వ ఆఫీసులతో పాటు ప్రైవేటు కంపెనీలకూ అది వర్తిస్తుందంది. ఆ వార్త తర్వాత ఆఫీసు క్యాంటీన్లలో, వాట్సాప్ గ్రూపుల్లో మగవాళ్ళ మాటలు విన్నవాళ్ళకి, సెలవు మంచిదా కాదా అన్న చర్చ కంటే ఇంకో సంగతి ఎక్కువగా కనపడి ఉంటుంది. "డేటు ముందే తెలుస్తుంది కదా, దాన్నిబట్టి ప్లాన్ చేసుకోవచ్చుగా." "నొప్పి అందరికీ ఒకటేగా, మా అమ్మ ఏనాడూ అనలేదే." బీటెక్‌లు, ఎంబీఏలు చదివినవాళ్ళు, పెళ్ళయి పిల్లలున్నవాళ్ళు కూడా ఇలాగే మాట్లాడారు. సెలవు మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకుండొచ్చు. కంపెనీలు ఆడవాళ్ళని ఉద్యోగంలోకి తీసుకోవడానికి వెనకాడతాయేమోనన్న భయం ఆడవాళ్ళలోనే కొందరికి ఉంది. కానీ శరీరం గురించి ఈ తప్పు లెక్కలు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

"మగపిల్లలకు ఎవరూ చెప్పరు, అందుకే తెలీదు" అని చాలామంది అంటారు. అది సగమే నిజం. మన ఇళ్ళల్లో పెరిగే మగపిల్లాడికి పదేళ్ళొచ్చేసరికే నెలసరి గురించి చాలా సంగతులు చేరిపోతాయి. పేరు లేకుండా, ముక్కలుముక్కలుగా, ముందు రావాల్సింది వెనకా వెనక రావాల్సింది ముందూ చేరతాయి. చిక్కంతా ఆ వరసలో ఉంది.

ముందు శరీరం సంగతి

ఆడపిల్లలకు మామూలుగా 10 నుంచి 16 ఏళ్ళ మధ్య నెలసరి మొదలవుతుంది. ఎక్కువమందికి 12, 13 ఏళ్ళకి. గర్భాశయానికి అటూ ఇటూ రెండు అండాశయాలుంటాయి. ప్రతి చక్రంలో మామూలుగా ఒక అండం పక్వమై విడుదలవుతుంది. ఒకవేళ గర్భం వస్తే నిలవడానికి వీలుగా గర్భాశయం లోపలి పొర హార్మోన్ల వల్ల మందంగా తయారవుతుంది. గర్భం రాకపోతే ఆ హార్మోన్లు తగ్గిపోతాయి, పొర ఊడి కాస్త రక్తంతో కలిసి యోని గుండా బయటికి వస్తుంది. జరిగేది ఇదే. ఇది మూత్రం వచ్చే దారి కాదు, ఆపుకుంటే ఆగేదీ కాదు. ఈ రెండు ముక్కలూ తెలియని మగవాళ్ళు మనం అనుకునే దానికంటే చాలా ఎక్కువ.

రక్తస్రావం రెండు నుంచి ఏడు రోజులుంటుంది. మొత్తం మీద పోయే రక్తం చాలామందికి 30, 40 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు టేబుల్ స్పూన్లు. కొందరికి అంతకు రెట్టింపూ ఉంటుంది. అది "చెడు రక్తం" కాదు, ఒంట్లోని మురికి బయటికి పోవడమూ కాదు.

నొప్పి ఎందుకంటే, ఆ పొరను బయటికి నెట్టడానికి గర్భాశయ కండరం బిగుసుకుంటుంది. అలా బిగుసుకునేలా చేసే రసాయనాలను ప్రోస్టాగ్లాండిన్లు అంటారు. అవి ఎక్కువగా తయారైన వాళ్ళకి నొప్పితో పాటు వాంతులు, విరేచనాలు, తలనొప్పి కూడా వస్తాయి. తక్కువగా ఉన్నవాళ్ళు ఆ రోజు మామూలుగానే పని చేసుకుపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్ళలో పది శాతం మందికి ఎండోమెట్రియోసిస్ ఉంది. గర్భాశయంలో ఉండాల్సిన పొరలాంటిది బయట కూడా పెరిగే జబ్బు అది, నొప్పి తీవ్రంగా ఉంటుంది. కాబట్టి "మా అక్కకి లేదు, నీకెందుకుంది" అన్న ప్రశ్నకి అర్థం లేదు.

ఇక తేదీ లెక్క. రక్తం కనపడిన మొదటి రోజు నుంచి మళ్ళీ వచ్చే మొదటి రోజు దాకా ఒక చక్రం. పుస్తకంలో 28 రోజులని ఉంటుంది, అది సగటు మాత్రమే. పెద్దవాళ్ళలో 21 నుంచి 35 రోజుల దాకా, కొత్తగా మొదలైన పిల్లల్లో 45 రోజుల దాకా మామూలే. పదమూడేళ్ళ అమ్మాయికి జూన్ 3న వచ్చిందనుకుందాం. తర్వాతిది జూలై 8న వచ్చింది, అంటే 35 రోజులు. ఆ తర్వాతిది ఆగస్టు 1న, 24 రోజులకే. ప్రతి నెలా అదే తేదీకి రావాలనుకుని, మొదటిసారి అయిదు రోజులు ఆలస్యమైందనీ రెండోసారి వారం ముందొచ్చిందనీ ఇంట్లో అందరూ కంగారు పడొచ్చు. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆ వయసుకి రెండూ మామూలేనంటారు. క్యాలెండర్‌లో గుండ్రం చుట్టి "ఫలానా తేదీ" అనుకోవడం ఎంత కుదరదో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆడవాళ్ళకే సరిగ్గా తెలియని తేదీ ఆఫీసులో మేనేజర్‌కి ఎలా తెలుస్తుంది?

ఇదంతా ఒకసారి కూర్చుని చెబితే పావుగంట పని. మగపిల్లాడికి అందరికంటే ఆలస్యంగా అందేది ఆ పావుగంటే.

"అటు వెళ్ళకు": ఇంట్లో మొదటి పాఠం

మగపిల్లాడికి నెలసరి తొలిసారి ఎదురయ్యేది నిషేధంగా. రక్తం కనపడదు, ఎవరూ పేరు చెప్పరు. అమ్మ ఆ రోజు పూజగదిలోకి వెళ్ళదు, తులసికోట దగ్గరికి పోదు. "అమ్మ బయటుంది", "దూరంగా ఉంది" అంటారు. అమ్మ ఇంట్లోనే ఉంది కదా, బయటుందంటారేమిటని వాడికి అర్థం కాదు. అడిగితే "ఒంట్లో బాలేదు" అనో "నీకెందుకురా" అనో జవాబు. కాస్త పట్టింపు ఉన్న ఇళ్ళల్లో వేరే చాప, వేరే కంచం. నాలుగో రోజు తలస్నానం అయ్యాకే అంతా మామూలు. పొరపాటున అమ్మ ఒళ్ళో కూర్చుంటే నానమ్మ కేకేస్తుంది: "ముట్టుకున్నావా! పో, నీళ్ళు పోసుకో ముందు."

ఆవకాయ జాడీ సంగతి చూడండి. వేసవిలో కలిపి, వాసెన కట్టి పెట్టిన జాడీని ఆ మూడు రోజులూ అమ్మ ముట్టుకోదు, బూజు పడుతుందని నమ్మకం. ఏడేళ్ళ వాణ్ణి పిలిచి "నాన్నా, ఆ గుడ్డ విప్పి గరిటెతో కాస్త గిన్నెలో వెయ్యి, చెయ్యి తడి లేకుండా చూసుకో" అంటుంది. పచ్చడి కలిపింది ఆవిడే, దాన్ని ముట్టుకునే హక్కు ఇప్పుడు వాడిది. వాడు చూసినదాన్నిబట్టి అమ్మకి పనికిరాని రోజులుంటాయి, తనకి ఉండవు. కారణం తెలియకముందే తేడా తెలిసిపోయింది. (తడి గరిటె పెడితే ఎవరు ముట్టుకున్నా ఆవకాయ బూజు పడుతుంది. ఉప్పు, నూనె తగ్గినా అంతే. నెలసరికీ బూజుకీ సంబంధం లేదు.)

అయ్యప్ప దీక్ష తీసుకునే ఇళ్ళల్లో ఈ పాఠం ఇంకా గట్టిగా పడుతుంది. మండల దీక్ష 41 రోజులు. తండ్రితో పాటు ఏడెనిమిదేళ్ళ కొడుకు కూడా కన్నెస్వామిగా నల్లబట్టలు కట్టి మాల వేసుకుంటాడు. ఆ రోజుల్లో తల్లికి నెలసరి వస్తే పక్కింటికో పైఅంతస్తుకో పుట్టింటికో వెళ్తుంది. వంట తండ్రో ఇంకొకరో చేస్తారు. అందరూ "స్వామీ" అని పిలిచే పిల్లాడు మెట్ల మీద నిలబడి తల్లితో దూరంనుంచి మాట్లాడతాడు. దీక్షలో ఉన్నవాళ్ళకి అది నియమం, ఆడవాళ్ళు కూడా భక్తితోనే పాటిస్తారు. ఇలాంటి నియమాలు సరైనవా కావా అన్నది, అన్ని వయసుల ఆడవాళ్ళనీ గుడిలోకి రానివ్వాలన్న 2018 శబరిమల తీర్పు దగ్గర్నుంచీ తెగకుండా నలుగుతూనే ఉంది, ఇక్కడ తేల్చేది కాదు. నెలసరి అంటే ఏమిటో వాడికి ఎవరూ చెప్పకముందే అది దేవుడికి పడనిదని తెలిసిపోయింది, మనకు కావలసింది ఆ ముక్క.

హైదరాబాద్ పాతబస్తీలో పెరిగే ముస్లిం కుర్రాడికి ఇదే సంగతి రంజాన్‌లో తగులుతుంది. నెలసరిలో ఆడవాళ్ళు రోజా ఉండరు, నమాజు చెయ్యరు, మానిన ఉపవాసాలు తర్వాత ఉంటారు. ఇంట్లో మగవాళ్ళకి తెలియకూడదని అక్క వంటింటి తలుపు వెనక గబగబా రెండు ముద్దలు తింటుంటే తమ్ముడు చూస్తాడు. "అక్క దొంగతనంగా తింటోంది" అని అరుస్తాడు. అందరూ వాణ్ణే కసురుతారు. ఎందుకు కసిరారో చెప్పరు.

ఫంక్షన్ చూస్తాడు, కారణం వినడు

తర్వాత పిల్లాడి కంటబడేది పూర్తిగా దీనికి తిరగబడ్డ దృశ్యం. అక్కకో చిన్నాన్న కూతురికో ఫంక్షన్. అమ్మాయిని తాటాకు చాప మీద కూర్చోబెడతారు, చిమ్మిలి తినిపిస్తారు, మేనమామ బట్టలు తెస్తాడు. ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కడతారు. దానిమీద "నూతన వస్త్రాలంకరణ మహోత్సవం" అని, పట్టుచీరలో అమ్మాయి ఫొటో, కింద బంధువుల ఫొటోలు, పైన మూలల్లో స్థానిక నాయకుల ఫొటోలు. నలుగురికీ తెలియాలని అంత పెద్ద అక్షరాల్లో వేసిన ఫ్లెక్సీలో అసలు కారణం ఒక్క ముక్క ఉండదు.

పిల్లాడు అడుగుతాడు. "అక్క పెద్దదైందిరా" అంటారు. వాడికీ పంచెల ఫంక్షన్ చేస్తారు కొన్ని ఇళ్ళల్లో. దానికి ఒంట్లో జరిగే మార్పుతో పనిలేదు, బంధువుల వీలునిబట్టి ముహూర్తం పెడతారు. కాబట్టి ఇదీ అలాంటిదే, కొత్తబట్టలూ బిర్యానీ అని సరిపెట్టుకుంటాడు. ఫంక్షన్ తర్వాత అక్క తనతో గల్లీలో క్రికెట్ ఆడటం ఎందుకు మానేసిందన్నది వాడికి తేలదు.

ఈ వేడుకను సమర్థించేవాళ్ళ మాటలోనూ కొంత బలముంది. చాలా సమాజాల్లో సిగ్గుపడి దాచుకునే దాన్ని మనం పదిమందినీ పిలిచి పండగ చేస్తున్నాం, పిల్లకి నువ్వులూ బెల్లం లాంటి బలమైన తిండి పెడుతున్నాం, ఇందులో తప్పేముంది అంటారు వాళ్ళు. కాదనేవాళ్ళు, ఇది ఒకప్పుడు "మా పిల్ల పెళ్ళికి సిద్ధం" అని చాటడానికి పుట్టిన వేడుక, ఇప్పుడు చదివింపుల లెక్కగా మారింది, పన్నెండేళ్ళ పిల్ల ఒంటి సంగతి ఊరికి చెప్పడం ఆ పిల్ల అడిగి చేసింది కాదు అంటారు. నాకు రెండోదే ఎక్కువ నిజమనిపిస్తుంది. కానీ మగపిల్లాడి వైపు నుంచి చూస్తే ఏ పక్షం గెలిచినా తేడా లేదు, చిమ్మిలి ఉండ చేతిలో పెట్టి పంపేస్తారంతే.

నల్ల కవరు, నీలం నీళ్ళు

పదకొండేళ్ళకి వాణ్ణి మెడికల్ షాపుకి పంపుతారు. నోటితో చెప్పరు, చీటీ మీద రాసి మడిచి ఇస్తారు. షాపువాడు చీటీ చూసి ఏమీ అనకుండా లోపలికెళ్ళి ప్యాకెట్‌ని పాత న్యూస్‌పేపర్లో చుట్టి, దాన్ని మళ్ళీ నల్ల కవర్లో పెట్టి ముడివేసి ఇస్తాడు. వెనక నిలబడ్డవాళ్ళు దగ్గుమందూ పారాసెటమాలూ కవరు లేకుండానే తీసుకుపోతుంటారు. ఇదేదో దాచాల్సిన సరుకని చెప్పకుండానే తెలిసిపోతుంది. ఇంటికొచ్చేదాకా దారిలో ఎవరైనా అడుగుతారేమోనని వాడికి ఒకటే టెన్షన్.

టీవీ ప్రకటనల్లో చాలా ఏళ్ళు ప్యాడ్ మీద నీలం రంగు నీళ్ళు పోశారు. ఈమధ్యే ఒకటీ అరా ప్రకటనల్లో ఎర్రరంగు కనపడుతోంది. ఆ నీలం చూసి ప్యాడ్ అంటే మూత్రం పీల్చుకునేదనీ, పసిపిల్లల డైపర్ లాంటిదే పెద్దవాళ్ళకి కూడా ఉంటుందనీ అనుకున్న అబ్బాయిలు మా తరంలో కొల్లలు. ఇప్పటి పిల్లలకి ఫోన్ ఉంది. వెతికితే మంచి డాక్టర్ల వీడియోలు తెలుగులోనే దొరుకుతాయి. దాని పక్కనే బూతూ దొరుకుతుంది, "మూడ్ స్వింగ్స్" మీద వెకిలి రీల్సూ దొరుకుతాయి. ఏది ముందు కనపడుతుందన్నది వాడి అదృష్టం.

వరస తప్పితే ఏమవుతుంది: ఒక ఉదాహరణ

ఒక పిల్లాణ్ణి ఊహించుకుందాం. పేరు చరణ్, తెనాలి దగ్గర పల్లెటూరు. ఏడేళ్ళప్పుడు ఆవకాయ జాడీ. అప్పుడు వాడికి అర్థమైంది: అమ్మకి నెలకోసారి ఏదో అంటు. తొమ్మిదేళ్ళప్పుడు అక్క ఫంక్షన్, దాన్ని జాడీతో కలిపి చూడాలని వాడికి తట్టదు. పదకొండేళ్ళప్పుడు నల్ల కవరు: ఇది సిగ్గుపడే వ్యవహారం. పన్నెండేళ్ళప్పుడు క్లాసులో ఒకమ్మాయి గౌను మీద మరక. వెనక బెంచీ సీనియర్లు ఏదో అని నవ్వారు, వీడూ నవ్వాడు. ఆ నవ్వులోనే వాడికి మొదటిసారి "ఓహో, రక్తమన్నమాట" అని తెలిసింది.

పదమూడేళ్ళకి జీవశాస్త్రం పాఠం వచ్చింది. అందులో గర్భాశయం, అండవాహిక, హార్మోన్లు. అయిదు మార్కుల ప్రశ్నకి పటం గీసి భాగాలు గుర్తించాడు, అయిదుకి అయిదూ వచ్చాయి. ఆ పటానికీ అమ్మ "బయట" ఉండటానికీ, ఫ్లెక్సీకీ, నల్ల కవరుకీ, ఆ మరకకీ ముడి ఉందని ఎవరూ వాడికి చెప్పలేదు. పాఠం నోట్‌బుక్కులో ఉండిపోయింది. ఇంట్లో నేర్చుకున్నది ఒంట్లో ఉండిపోయింది.

పాతికేళ్ళు దాటాక పెళ్ళి. భార్య "కడుపు పిండేస్తోంది, ఇవాళ నావల్ల కాదు" అంటే అప్పుడు గానీ నొప్పి అనే మాట వాడి లెక్కలోకి రాలేదు. కోయంబత్తూరు అరుణాచలం మురుగనాథం కథ చాలామందికి తెలుసు. 1998లో పెళ్ళయ్యాక భార్య ఏదో గుడ్డ దాచుకుని తీసుకెళ్తుంటే చూసి, అడిగి, అప్పుడు తెలుసుకున్నాడాయన. తర్వాత చవకగా ప్యాడ్లు చేసే యంత్రం తయారుచేశాడు, 2016లో పద్మశ్రీ వచ్చింది. యంత్రం సంగతి అందరూ చెప్పుకుంటారు. ఆడవాళ్ళున్న ఇంట్లో పెరిగిన మనిషికి పెళ్ళయ్యేదాకా ఇది తెలియకపోవడం గురించి ఎవరూ ఆశ్చర్యపోరు, ఎందుకంటే మనలో చాలామంది సంగతీ అదే.

"మీరే చదువుకోండి": బడిలో జరిగేది

తెలుగు రాష్ట్రాల పుస్తకాల్లో ఈ విషయం లేకపోలేదు. చాలా ఏళ్ళుగా ఎనిమిదో తరగతిలో కౌమార దశ పాఠం ఉంది, పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది. పాఠం చెప్పడం దగ్గరే తేడా వస్తుంది. మా హైస్కూల్లో సైన్సు మాస్టారు ఆ పేజీలు రాగానే "ఇది తేలికే, ఇంటి దగ్గర చదువుకోండి" అని తర్వాతి పాఠానికి దూకారు. ఆయన్ని తప్పుపట్టడం తేలిక. ముందు బెంచీల్లో అమ్మాయిలు, వెనక నవ్వు ఆపుకుంటున్న అబ్బాయిలు, రేపు ఏ తండ్రయినా వచ్చి "మా పిల్లకి ఏం చెప్పారు?" అంటే హెడ్మాస్టర్ వెనకేసుకొస్తాడన్న నమ్మకం లేదు. ఆ పాఠం ఎలా చెప్పాలో ఆయనకీ ఎవరూ నేర్పలేదు.

ఆ భయం ఉత్తినే రాలేదు. కేంద్రం తెచ్చిన కౌమార విద్యా కార్యక్రమం మీద 2007లో పెద్ద గొడవ జరిగింది, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, కర్ణాటక లాంటి రాష్ట్రాలు దాన్ని వద్దన్నాయి. 2009లో రాజ్యసభ పిటిషన్ల కమిటీ కూడా బడుల్లో లైంగిక విద్య వద్దని సిఫారసు చేసింది. ఆ కమిటీ అధ్యక్షుడు మన వెంకయ్యనాయుడే. అక్కడ అభ్యంతరం నెలసరి పాఠం మీద కాదు, లైంగిక విద్య మీద. కానీ బడి స్థాయిలో రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు. నెలసరి అంటే శరీరం ఎదుగుదల సంగతి, జీర్ణక్రియ లాగే చెప్పొచ్చు. లైంగిక విద్య అంటే సంబంధాలు, సమ్మతి, గర్భనిరోధం, రక్షణ దాకా వెళ్ళేది. మొదటిది చెప్పడానికి రెండోదాని మీద తగాదా తెగేదాకా ఆగనక్కర్లేదు.

ఇక ప్యాడ్లు పంచే రోజు. ఏ సంస్థవాళ్ళో, ఏ డాక్టరమ్మో వస్తారు. మైకులో చెబుతారు: "మగపిల్లలు గ్రౌండ్‌కి వెళ్ళండి." వాళ్ళకి పండగే, పీరియడ్ ఎగ్గొట్టి కబడ్డీ. గంట తర్వాత అమ్మాయిలు బ్యాగులు గుండెకి హత్తుకుని బయటికొస్తారు. "ఏమిచ్చార్రా లోపల?" "ఏం లేదు." నాలుగు రోజులు అదే గుసగుస. అమ్మాయిలకి కాస్త ఏకాంతం ఇవ్వాలన్న ఉద్దేశం మంచిదే, వాళ్ళ ప్రశ్నలు అబ్బాయిల ముందు రావు. కానీ అదే గంటలో గ్రౌండ్‌లో ఉన్నవాళ్ళకి వేరేగా ఒక మాస్టారు చెప్పొచ్చుగా? ఆ ఏర్పాటు ఎక్కడా కనపడదు.

ప్యాడ్లు మాత్రం బాగానే చేరాయి. 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'స్వేచ్ఛ' పేరుతో సర్కారు బడుల్లో ఏడు నుంచి పన్నెండో తరగతి ఆడపిల్లలకి నెలకు పది ప్యాడ్ల చొప్పున ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకుముందు 2018 జూలైలోనే ప్యాడ్ల మీద జీఎస్టీ ఎత్తేశారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 24 ఏళ్ళ అమ్మాయిల్లో పరిశుభ్రమైన పద్ధతులు వాడేవాళ్ళు తెలంగాణలో సుమారు 92 శాతం, ఆంధ్రలో 85 శాతం. దేశం సగటు కంటే మనం బాగా ముందున్నాం. అబ్బాయిలకు ఏం తెలుసన్నది ఆ లెక్కల్లోకి రాదు. కాగితం మీద వాళ్ళూ ఉన్నారు: 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్ళ అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఇద్దరికీ అని రాసుకుంది. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద వచ్చిన బడి ఆరోగ్య కార్యక్రమంలో ప్రతి బడికీ ఒక టీచరమ్మా ఒక మాస్టారూ ఇద్దరికి శిక్షణ ఇవ్వాలన్నారు. మాస్టారుని కూడా పెట్టడం తెలివైన ఆలోచన. మీ పిల్లల బడిలో ఆ మాస్టారు ఎవరో అడిగి చూడండి.

తెలియకపోవడం ఎంతదాకా పోతుంది

2023 మే నెలలో మహారాష్ట్రలో ముంబై దగ్గరి ఉల్హాస్‌నగర్‌లో ముప్పై ఏళ్ళ అన్న పన్నెండేళ్ళ చెల్లెల్ని కొట్టి చంపాడన్న కేసు నమోదైంది. పోలీసుల కథనం ప్రకారం ఆ పిల్లకి మొదటిసారి నెలసరి వచ్చింది. బట్టల మీద రక్తం చూసి ఎవరితోనో సంబంధం పెట్టుకుందని అతను అనుమానించాడు. ఏం జరిగిందో చెప్పడానికి ఆ పిల్లకీ మాటలు లేవు, ఎందుకంటే తనకీ ఎవరూ ముందు చెప్పలేదు.

ఇలాంటి కేసు చూపించి "పాఠం చెప్పి ఉంటే ఆగేది" అనడం తొందరపాటు. చెల్లెలి ఒంటి మీద అన్నకి అధికారం ఉందన్న నమ్మకం, అనుమానం వస్తే చెయ్యి లేపడం, ఇవి జీవశాస్త్రం పాఠంతో పోయేవి కావు. అన్నీ తెలిసిన మగవాళ్ళు కూడా కొడతారు. అయినా ఆ అనుమానం రాజుకుంది మాత్రం ఒక మరక దగ్గర. ఆ మరక ఏమిటో తెలిసుంటే ఆ రోజు ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

ఇంట్లో చెప్పాలా, బడిలోనా? కలిపా, విడిగానా?

ఇది అమ్మ చెప్పాల్సిన సంగతి, బడికేం పని అనేవాళ్ళున్నారు. చనువు అమ్మ దగ్గరే ఉంటుందన్న మాట నిజం. అయితే ఆ అమ్మకి కూడా తన అమ్మ చెప్పింది "పూజగదిలోకి వెళ్ళకు" అన్న ఒక్క మాటే అయితే, కొడుక్కి ఏం చెబుతుంది? నాన్న సంగతి చెప్పనక్కర్లేదు. కొడుక్కి గొంతు మారుతున్నప్పుడు, నిద్రలో స్ఖలనమై వాడు బెదిరిపోయి దుప్పటి దాచుకున్నప్పుడు, అది మామూలేరా అని చెప్పే నాన్నలు ఎంతమంది? తన ఒంటి గురించే ఎవరూ మాట్లాడని పిల్లాడు చెల్లెలి ఒంటి గురించి మర్యాదగా మాట్లాడాలని ఆశిస్తున్నాం. అందుకే అబ్బాయిలకి చెప్పేటప్పుడు వాళ్ళ మార్పులతో మొదలుపెట్టి నెలసరికి వెళ్ళే టీచర్లకి క్లాసు కాస్త తేలిగ్గా దారికొస్తుంది.

కలిపి చెప్పడం మీద అమ్మాయిల అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేం. సరిగ్గా చెప్పకపోతే పాఠమే ఎగతాళికి కొత్త మాటలు అందిస్తుంది. నిన్నటిదాకా మరక చూసి నవ్వినవాళ్ళు రేపు పేరు పెట్టి నవ్వుతారు. విడిగా చెబితే ఆ ఇబ్బంది ఉండదు, కానీ ఇది అవతలివాళ్ళ రహస్యమన్న భావం అలాగే ఉండిపోతుంది. కొందరు టీచర్లు మధ్యదారి పడతారు. ముందు విడివిడిగా చెప్పి, పేరు లేని చీటీల మీద ప్రశ్నలు రాయించి డబ్బాలో వేయిస్తారు, తర్వాత అందరి ముందూ ఆ చీటీలు చదివి జవాబు చెబుతారు. "రాత్రి పడుకున్నప్పుడు కూడా వస్తుందా?" "ఆపుకోవచ్చు కదా?" "నొప్పి ఎంతసేపు?" ఏ చీటీ ఎవరిదో తెలియదు, కాబట్టి నవ్వడానికి మనిషి దొరకడు.

మూడు రోజుల దూరం అసలు విశ్రాంతి కోసం పెట్టిందేనని చెప్పే పెద్దవాళ్ళ మాట కూడా తీసుకుందాం. పొయ్యి దగ్గర్నుంచి లేవని కోడలికి ఆ మూడు రోజులూ కాస్త ఊపిరి దొరికేదంటే నమ్మొచ్చు, అలా గుర్తుచేసుకునే పెద్దావిడలు ఉన్నారు. అయితే పూజగదికి పనికిరాని మనిషి అదే రోజు నాట్లకి పనికొచ్చింది, గేదెల దగ్గరికి పనికొచ్చింది. విశ్రాంతి అనే కారణం కొడుక్కి చెప్పి, ఆ మూడు రోజులూ వాడిచేత గిన్నెలు తోమిస్తే ఆ వాదన నిలుస్తుంది. అంటు అని చెప్పి ఊరుకుంటే నిలవదు.

ఏ తరగతిలో?

అసలు పేచీ వయసు దగ్గర వస్తుంది. పదేళ్ళకే ఇవన్నీ ఎందుకు, పసితనం పోతుంది అంటారు తల్లిదండ్రులు. యునెస్కో 2018 మార్గదర్శకాల్లో నెలసరి, కౌమారం సంగతులు 9 నుంచి 12 ఏళ్ళ మధ్య చెప్పాలని ఉంది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక బాలుడి బెయిలు కేసులో, ఇలాంటి చదువు తొమ్మిదో తరగతి దాకా వాయిదా వెయ్యకుండా చిన్న తరగతుల నుంచే ఉండాలని అభిప్రాయపడింది. అదే ఏడాది వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ కొత్త పుస్తకాల్లో కౌమారం పాఠం ఎనిమిది నుంచి ఏడో తరగతికి జరిగింది.

ఒక క్లాసు లెక్క వేసి చూద్దాం. ఆరో తరగతిలో పిల్లల వయసు 11. ఆ క్లాసులో కొందరమ్మాయిలకి అప్పటికే నెలసరి మొదలై ఉంటుంది, ఒకరిద్దరికి అయిదో తరగతిలోనే వచ్చి ఉంటుంది. పాఠం ఎనిమిదిలో ఉంటే పక్క బెంచీ అబ్బాయికి అది రెండు మూడేళ్ళ తర్వాత చేరుతుంది, ఏడులో ఉంటే ఏడాది రెండేళ్ళ తర్వాత. ఈలోగా ఆ అమ్మాయి నెలకు రెండు మూడు రోజులు బడికి రాదు, వచ్చినా ఆటల పీరియడ్‌లో మెట్ల మీద కూర్చుంటుంది. "ఎందుకు ఆడట్లేదు?" అని అబ్బాయి అడుగుతాడు. ఆ ప్రశ్నలో ఇంకా వెకిలితనం లేదు, వాడికి నిజంగానే తెలీదు. జవాబు పుస్తకంలో వచ్చేలోగా వాడికది వెనక బెంచీలో దొరుకుతుంది.